కొట్టు వెనక తలుపు



మాస్టారి పేరు మీ ఎదురుగా బ్యానరు మీద ఉంది. ఆయన్ని పేరుతో పిలిచే అలవాటు నాకు లేదు, ఇవాళ కొత్తగా చేసుకోలేను. మాస్టారనే అంటాను. పుట్టింది రేపల్లెలో, ముప్ఫయ్యేళ్ళు సైన్సు చెప్పింది తెనాలిలో, రిటైరయ్యాక కూతురింట ఉన్నది బాపట్లలో. ఈ మూడు ఊళ్ళ మధ్య రైలు పెట్టెల్లో ఆయన చెప్పిన పాఠాలు బళ్ళో చెప్పినవాటికి తీసిపోవు. రేపల్లె పాసింజరు కిటికీలోంచి కట్ట పక్కన తగలబడుతున్న చెత్తకుప్పను చూపించి, "ఆ పొగలో ఏముందో చెప్పు చూద్దాం" అనేవారు. చెప్పలేకపోతే తెనాలి వచ్చేదాకా వదిలేవారు కాదు.

మాస్టారి పేరిట ఉన్న ధర్మనిధి తరఫున ఈ ఏటి ఉపన్యాసానికి చెత్త గురించి మాట్లాడతానని చెప్పినప్పుడు నిర్వాహకులు ఒక్క క్షణం ఆగి, సరేనన్నారు. ఆ ఆగడం నాకు అర్థమైంది. తెనాలిలో సభ పెడితే సాహిత్యమో నాటకమో శిల్పమో ఉండాలి. ఆ సంప్రదాయం మీద నాకు ఎంతో గౌరవం. శిల్పం దగ్గరికి నేనూ వస్తాను, కాస్త దారి చుట్టూ తిరిగి.

నేను మాట్లాడబోయేది ఇళ్ళ చెత్త గురించి కాదు. కొట్లు, హోటళ్ళు, మిల్లులు, మార్కెట్లు, కల్యాణ మండపాలు, రొయ్యల చెరువుల దగ్గరి షెడ్లు పారేసేదాని గురించి. ఇంటి చెత్త పుట్టడమే కలగలిసి పుడుతుంది. వంటింటి బుట్టలో బెండకాయ ముచికలు, పాల కవరు, కాఫీ పిప్పి, పిల్లవాడు విరగ్గొట్టిన పెన్ను అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. కొట్టు చెత్త అలా పుట్టదు. బట్టల కొట్టులో పొద్దుట్నించి రాత్రిదాకా వచ్చేవి అట్టపెట్టెలు, పల్చటి కవర్లు, చొక్కాలకు గుచ్చిన గుండుసూదులు, కాలరు కింద పెట్టే అట్టముక్కలు. నాలుగే రకాలు. టిఫిను హోటలుకు కూరగాయల తొక్కలు, ఆకులు, నూనె డబ్బాలు, పాల కవర్లు. మెకానిక్ షెడ్డుకు ఇనుము, రబ్బరు, పాత ఆయిలు. ఏ వ్యాపారానికి ఆ చెత్త. వేరుచేసే పని సగం పుట్టుకలోనే అయిపోయి ఉంటుంది.

మరి రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించే ముందు ఏం జరుగుతుంది? కుర్రాడు చీపురుతో అన్నిటినీ ఒక మూలకు ఊడుస్తాడు. తాగి పారేసిన టీ కప్పులు, మధ్యాహ్నం క్యారేజీలో మిగిలిన పులుసన్నం దాని మీద పడతాయి. అంతా ఒక నల్ల సంచిలో కుక్కి వెనక తలుపు పక్కన పెడతాడు. పొద్దుట్నించి విడివిడిగా ఉన్నదాన్ని అర నిమిషంలో కలిపేస్తాం. ఆ అర నిమిషం పనిని విప్పడానికి ఊరి చివర షెడ్డులో ఒక మనిషి ఒక పూట కూర్చోవాలి. విప్పినా పూర్తిగా విడదు, ఎందుకంటే పులుసు పట్టిన అట్ట మళ్ళీ అట్ట కాదు. ఇవాళ నేను చెప్పదలుచుకున్నదల్లా ఆ అర నిమిషం గురించే.

ఆరో తరగతిలో మిశ్రమాలను వేరుచేసే పాఠం వచ్చినప్పుడు మాస్టారు పుస్తకం మూసేసి బోర్డు మీద అయిదు మాటలు రాశారు. తూర్పారబట్టడం, చెరగడం, జల్లించడం, గాలించడం, ఏరడం. "ఇవి మీ అమ్మలు రోజూ చేసే ప్రయోగాలు, వెళ్ళి చూసి రండి" అన్నారు. అప్పుడు అది మాకు ఆటలా అనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత చెత్తను వేరుచేసే పెద్ద యంత్రాల పనితీరు చదువుతుంటే బోర్డు మీది ఆ సుద్దముక్క రాత కళ్ళముందు కదిలింది. యంత్రాలు చేసేది అదే.

చూడండి. కళ్ళంలో గాలివాటం చూసుకుని చేటతో ధాన్యం ఎత్తి పోస్తే పొల్లు ఎగిరిపోతుంది, గింజ కాళ్ళ దగ్గర రాలుతుంది. ప్లాంట్లో ఫ్యాను గాలి కొడుతుంది, కవర్లూ కాగితాలూ ఎగిరి ఒకవైపు పోతాయి, రాళ్ళూ సీసాలూ కింద పడతాయి. జల్లెడ అక్కడ మనిషి నిలువెత్తున గుండ్రంగా తిరుగుతుంది, దాన్ని ట్రామెల్ అంటారు. మట్టీ, చితికిన తడి చెత్తా కన్నాల్లోంచి రాలిపోతాయి, పెద్ద వస్తువులు చివరిదాకా దొర్లుతాయి. చేట వాలుగా పట్టుకుని చెరిగితే తేలికవి ఒక అంచుకు, బరువైనవి ఇంకో అంచుకు వెళ్ళినట్టే, వాలుగా ఊగే బల్ల మీద పల్చటి కవర్లు పైకి పాకుతాయి, సీసాలు కిందికి దొర్లుతాయి. ఇక గాలించడం. బియ్యం నీళ్ళలో ఆడించి ఒంపుకుంటే రాళ్ళు అడుగున మిగులుతాయి. నీళ్ళ సీసాల ప్లాస్టిక్కును ముక్కలు చేసి నీటి తొట్టిలో పోస్తే సీసా ముక్కలు మునుగుతాయి, మూత ముక్కలు తేలతాయి. సీసా చేసే పెట్ ప్లాస్టిక్కు నీటికి 1.38 రెట్లు బరువు, మూత ప్లాస్టిక్కు నీటికంటే తేలిక. మన అమ్మమ్మల దగ్గర లేనివల్లా ఇనుమును పట్టే అయస్కాంతం, కాంతికిరణంతో ప్లాస్టిక్ రకాన్ని కనిపెట్టే కన్ను. ఇన్ని యంత్రాలు పెట్టాక కూడా చాలా చోట్ల బెల్టుకు అటూ ఇటూ మనుషులు నిలబడే ఉంటారు. ఏరడానికి.

మన ఊళ్ళలో ఆ బెల్టులు లేవు. ఏరడమే ఉంది.

ఇది కొత్తగా వచ్చింది కాదు. "పాత ఇనప సామాన్లకు ఉల్లిపాయలు" అన్న కేక వినకుండా ఈ సభలో ఎవరూ పెరిగి ఉండరు. తోపుడుబండి మీద ఒక పక్క ఉల్లిపాయల గోతం, ఇంకో పక్క చిల్లుపడ్డ బిందె, విరిగిన కుర్చీ. మునిసిపాలిటీ తడి, పొడి అని చెప్పకముందే మన వీధుల్లో ఆ లెక్క నడిచింది. ఏరుకునేవాళ్ళ దగ్గర్నించి చిన్న కొట్టుకు, అక్కణ్ణించి పెద్ద గోడౌనుకు, గోడౌనులో బేళ్ళు కట్టి లారీలో మిల్లుకు. ప్రతి మెట్టు దగ్గరా సరుకు మళ్ళీ వేరవుతుంది, ఒక్కొక్క మెట్టూ ఎక్కుతుంటే ఒక్క పేరు నాలుగు పేర్లవుతుంది. ఇంట్లో మనకు 'కాగితం' ఒక్కటే. చిన్న కొట్టులో అది పేపరు, పుస్తకాలు, అట్టలు. గోడౌనులో తెల్లకాగితం వేరు, అచ్చుపడ్డది వేరు, రంగు అట్ట వేరు, గోధుమరంగు డబ్బా అట్ట వేరు.

పోయిన చలికాలం రేపల్లె వెళ్ళే రోడ్డులో ఒక పాత సామాన్ల కొట్టు దగ్గర మూడు పూటలు కూర్చున్నాను. రేకుల షెడ్డు, ముందు ఎలక్ట్రానిక్ కాటా, వెనక సరుకు గుట్టలు. గుట్టల మధ్య గోనెపట్టా మీద ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. ముందు సీసాల కుప్ప, చుట్టూ ఏడు గోతాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆవిడ గోతాల వైపు చూడదు. సీసా తీసుకుంటుంది, మూత తిప్పుతుంది, మెడ దగ్గరి ఉంగరాన్ని చిన్న చాకుతో కోస్తుంది, లేబులు చించుతుంది, విసురుతుంది. సీసా ఒక గోతంలో, మూత ఇంకో గోతంలో. మూడు నాలుగు సెకన్లు. నేను లెక్కపెట్టడానికి ప్రయత్నించి ఓడిపోయాను.

"కవర్లన్నీ ఒకేలాగున్నాయి కదమ్మా, ఏది ఏదో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగాను.

"చేతికి తెలిసిద్ది సారూ. ఇది నలపండి. కరకరలాడిద్ది, పీపీ. ఇదిగో ఇది లాగండి, సాగిద్ది. ఎల్డీ. పాల కవరు ఇదే." పక్కనున్న డబ్బా ఒకటి తీసి గోటితో గీసి చూపించింది. "హెచ్‌డీ అయితే గీత పడిద్ది, మైనం మాదిరి."

"అనుమానం వస్తే?"

"ఎనకటికి అగ్గిపుల్ల గీసి వాసన చూసేవోళ్ళం. ఇప్పుడు మానేశా. ఆ పైపుల ప్లాస్టీకు కాలిస్తే గొంతు పట్టేసిద్ది."

పీపీ, ఎల్డీ, హెచ్‌డీ అన్నవి ప్లాస్టిక్కు రకాల పేర్లు. పైపుల ప్లాస్టిక్కు అంటే పీవీసీ. దాన్ని కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడు వస్తుంది, గొంతులో తడి తగలగానే ఆమ్లమవుతుంది. చెత్తకుప్పలు మండినప్పుడు దాని వల్లే డయాక్సిన్ల వంటి విషాలూ పుడతాయి. రైల్లో మాస్టారు అడిగిన ప్రశ్నకు సగం జవాబు నాకు ఆ గోనెపట్టా దగ్గర దొరికింది.

ఆవిడ చేతిలో ఉన్న విద్య విలువ ఎంతో ఒక్క ఉదాహరణ చెబుతాను. నీళ్ళ సీసాల ముక్కల్ని 250 డిగ్రీలు దాటిన వేడిలో కరిగించి దారం తీస్తారు, అది దిండ్లలో దూది అవుతుంది, చొక్కా గుడ్డ అవుతుంది. ఆ ముక్కల్లో పీవీసీ కొద్దిగా కలిసినా ఆ వేడికి అది మాడి మొత్తం సరుకును పసుపుపచ్చగా మార్చేస్తుంది. అంటే ఫ్యాక్టరీలో ఒక బ్యాచి బాగుపడటమా చెడటమా అన్నది ఈ షెడ్డులో ఈవిడ వేళ్ళ మధ్య తేలిపోతుంది. ఆవిడకు కూలి మాత్రం రోజు లెక్కన. చేతికి గ్లౌజులు లేవు. ఉన్నా వేసుకోదు, ఎందుకంటే గ్లౌజు వేసుకుంటే చేతికి తెలియదు.

అట్టల దగ్గర ఇంకో సంగతి. కాటా మీద అట్టల కట్ట పెట్టగానే కొట్టాయన మధ్యలో చెయ్యి దూర్చి చూస్తాడు. తడి తగిలితే తరుగు తీస్తాడు. అది మోసమేం కాదు, మిల్లువాళ్ళు ఆయన దగ్గరా అదే తీస్తారు. మిల్లులో అట్టల్ని పెద్ద తొట్టిలో నీళ్ళు పోసి రుబ్బుతారు. గుజ్జులోంచి టేపులూ దారాలూ ఒక తీగకు చుట్టుకుని తాడులా బయటికొస్తాయి. మిగిలిన నారను మళ్ళీ అట్టగా పరుస్తారు. ఇలా తిప్పినప్పుడల్లా నార పొట్టిదవుతుంది, అయిదు నుంచి ఏడు సార్ల దాకా పనికొస్తుంది. మన కొట్టు ముందు వానలో రాత్రంతా నానిన డబ్బాకు మరో ఆరు జన్మలు ఉండేవి. నూనె తాగిన అట్ట అయితే ఆ తొట్టిలో దిగడానికే పనికిరాదు.

మిల్లులను చూస్తే నాకు ఆశ కలుగుతుంది. తెనాలి మినపగుళ్ళకు పేరున్న ఊరు. ఆ మిల్లుల్లో మినుములు విరిచి, పొట్టు తీసి, గుళ్ళు జల్లించి, రంగు మారినవి ఏరేస్తారు. పొట్టు గేదెల మేతకు పోతుంది. బియ్యం మిల్లులో తవుడు నూనె ఫ్యాక్టరీకి, నూకలు వేరే ధరకు, ఊక బాయిలరు పొయ్యిలోకి. పారేసేది బూడిదే, దాన్ని కూడా ఇటుక బట్టీలవాళ్ళు పట్టుకుపోతారు. అక్కడ ఎవరూ 'చెత్త' అనే మాట వాడరు. పొట్టు, తవుడు, నూక, ఊక. ప్రతిదానికీ పేరుంది, ధరుంది. పేరు పెట్టడం మానేసిన చోటే చెత్త మొదలవుతుంది. బట్టల కొట్టుకూ బియ్యం మిల్లుకూ ఉన్న తేడా అదొక్కటే.

హోటళ్ళకు ఒకప్పుడు కుడితి తొట్టి ఉండేది. గంజి, అన్నం మిగులు, కూరగాయల తొక్కలు పాలవాళ్ళు పట్టుకుపోయేవాళ్ళు. ఇప్పటికీ కొన్ని హోటళ్ళకు వస్తారు. కానీ ఆ తొట్టిలో ఎప్పుడైతే ప్లాస్టిక్ స్పూను, టూత్‌పిక్ పడటం మొదలైందో, గేదె కడుపులో కవర్ల ఉండలు తీసిన పశువైద్యుల కబుర్లు ఎప్పుడైతే విన్నారో, చాలామంది రావడం మానేశారు.

కాగిన నూనె సంగతి నాకు ఎక్కువ భయం. బజ్జీల బండి దగ్గర, స్వీటు షాపు దగ్గర నల్లబడిన నూనె ఎక్కడికి పోతుందని మీరెప్పుడైనా అడిగారా? పదే పదే కాచిన నూనెలో పోలార్ కాంపౌండ్లు అనే హానికర పదార్థాలు పేరుకుంటాయి. 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018 జులై 1 నుంచి అమల్లో పెట్టింది. రోజుకు 50 లీటర్లు మించి వాడే వ్యాపారులు లెక్క రాసి పెట్టాలి, వాడిన నూనెను నమోదైన సేకరణదారులకే ఇవ్వాలి. దాంతో బయోడీజిల్ చేస్తారు. అలా ఇవ్వకపోతే ఆ నూనె చౌకగా ఇంకో చిన్న బండికి పోయి, మళ్ళీ మన పిల్లల చేతుల్లోకి పకోడీగా వస్తుంది. తిరిగి వాడటం అన్నిసార్లూ మంచిది కాదు. ఏది ఎటు తిరగాలో తెలియాలి.

కూరగాయల మార్కెట్టు, పూల కొట్లు, అరటి గెలల మండీలు, నిమ్మకాయల మార్కెట్టు వీటినుంచి వచ్చే తడి చెత్తంతా ఎరువు కావలసిందే. తెనాలి నిమ్మకు పేరున్న మార్కెట్టు, కుళ్ళిన కాయలూ తక్కువ ఉండవు. వానపాముల తొట్టిలో నిమ్మకాయలు నేరుగా పోస్తే పాములు అటుపక్కకే రావు, ఆ పులుపు వాటికి పడదు. ముందు పేడతో, ఎండుటాకుతో కలిపి కుప్ప పెట్టి పులియనివ్వాలి. మంచి కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, చెయ్యి పెట్టలేం. ఆ వేడికి కలుపు గింజలూ రోగక్రిములూ చస్తాయి. ఒక పాలు నత్రజనికి ముప్ఫై పాళ్ళ కర్బనం ఉంటే కుప్ప చక్కగా ఉడుకుతుంది. వట్టి కూరగాయలైతే నత్రజని ఎక్కువై కంపు కొడుతుంది, ఎండుగడ్డి కలపాలి. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఉన్న బాపట్లలో ఈ మాట చెప్పేవాళ్ళకు కొదవ లేదు. మాస్టారు రిటైరయ్యాక పెరట్లో కుప్ప పెట్టి, రోజూ థర్మామీటరు గుచ్చి నోటు పుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకం వాళ్ళమ్మాయి నాకిచ్చారు. మార్చి నెల పేజీలో 61 దగ్గర రెండు గీతలు గీసి ఉన్నాయి, సంతోషంతో.

ఎరువుకు శత్రువు గాజు. రైతు అరచేతిలో ఒక్క గాజు పెంకు దిగితే ఆ ఎరువు మళ్ళీ ఆయన పొలం గట్టు ఎక్కదు.

గాజు దగ్గర నేను ఒక మాట ఒప్పుకోవాలి. కాలేజీ చదువుకునే రోజుల్లో సాయంత్రాలు మా నాన్నగారి కిరాణా కొట్టులో కూర్చునేవాణ్ణి. ఒకరోజు పగిలిన పచ్చడి జాడీ, రెండు గాజు సీసాలు అట్టపెట్టెలో వేసి, పైన కాగితాలు కప్పి వెనక తలుపు దగ్గర పెట్టాను. తెల్లారి ఏరుకోవడానికొచ్చిన ఒక అమ్మాయి, పదహారేళ్ళుంటాయేమో, కాగితాల కింద చెయ్యి పెట్టింది. అరచెయ్యి బొటనవేలి మొదట్నించి మణికట్టు దాకా తెగింది. అటుగా బడికి వెళుతున్న మాస్టారు తన కండువా చించి కట్టు కట్టి, రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రం మా కొట్టుకొచ్చి నన్ను కేకలెయ్యలేదు. "ఆ పిల్ల మూడు వారాలు పనికి పోకూడదట్రా. ఆ కూలి ఎవరిస్తారు?" అని అడిగారు, అంతే. మా నాన్నగారు ఇచ్చారు. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

రేపల్లె వైపు చెత్త రూపం వేరు. అక్కడ వరిచేల పక్కన రొయ్యల చెరువులొచ్చాయి, 2009లో వనామి రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక ఇంకా పెరిగాయి. చెరువు గట్టు మీద షెడ్డులో మేత గోతాలు గుట్టలుగా ఉంటాయి. పీపీ నేత గోతం చాలా మంచి సరుకు. కొన్నాళ్ళు ఇసక్కి, ధాన్యానికి, పేడ ఎరువుకు వాడుకుంటారు. చిరిగాక దులిపి, కడిగి, ముక్కలు చేసి, కరిగించి గుళికలు తీస్తారు. ప్లాస్టిక్ వ్యాపారంలో ఆ గుళికలకు 'దానా' అని పేరు. ఆ దానాతో బకెట్లు, తాళ్ళు, కుర్చీలు వస్తాయి. మేత అంటిన గోతాన్ని వానలో వదిలేస్తే బూజు పట్టి కడుగుడు ఖర్చు పెరుగుతుంది, అప్పుడు కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. ఇక నిజాంపట్నం హార్బరు వైపు చేపలకు, రొయ్యలకు వాడే థర్మకోలు పెట్టెలు. వాటిలో నూటికి 98 పాళ్ళు గాలే. లారీ నిండా వేసినా కాటా మీద బరువు తూగదు, అందుకే పాత సామాన్లవాళ్ళు ముట్టుకోరు, అవి కాలవల్లో తేలతాయి. అక్కడికక్కడే నొక్కి దిమ్మలు చేసే యంత్రం ఉంటే తప్ప అది అమ్ముడుపోయే సరుకు కాదు.

బాపట్ల దగ్గర సూర్యలంక తీరాన కార్తీక మాసం ఆదివారాలు చూడండి. మనం విస్తరి అనే అంటున్నాం కానీ, అక్కడ గుట్టలుగా పడేవి కాగితం మీద పల్చటి ప్లాస్టిక్ పొర అతికించిన పళ్ళేలు. కాగితం మిల్లుకు పొర అడ్డం, దానా చేసేవాడికి కాగితం అడ్డం. రెండు మంచి వస్తువుల్ని విడదీయలేనట్టు అతికించి ఎవరికీ కాకుండా చేశాం. చిప్సు ప్యాకెట్టూ అంతే, ప్లాస్టిక్కూ అల్యూమినియమూ పొరలు పొరలుగా. మోదుగాకు విస్తరి కుట్టిన ఊళ్ళలో ఇది చూస్తుంటే బాధేస్తుంది.

ఎవరికీ కాని ఈ మిగులును మండించాలని ఒక ఆలోచన. కొండవీడు దగ్గర 15 మెగావాట్ల విద్యుత్ ప్లాంటు 2022లో మొదలైంది. గుంటూరు, విజయవాడ, తెనాలి వంటి పట్టణాల చెత్త అక్కడికి వెళ్ళేట్టు దాన్ని రూపొందించారు. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఇక్కడ మాస్టారి లెక్క ఒకటి మీ ముందు పెట్టాలి. కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100కు తేవడానికి 70 కిలోకేలరీలు కావాలి. అక్కణ్ణించి ఆవిరి చేయడానికి, వేడి ఒక్క డిగ్రీ పెరక్కుండానే, ఇంకో 540. ఈ 540 దగ్గర ఆయన బల్ల మీద గుద్దేవారు. మొత్తం 610. కిలో చెత్తలో సగం నీరే అయితే 305 కిలోకేలరీలు ఆ నీళ్ళను తరమడానికే పోతాయి. కిలోకు 1500 కిలోకేలరీలు, అంతకు మించి వేడినివ్వగల, తిరిగి వాడుకోలేని చెత్తను పూడ్చకూడదు, ఇంధనంగా వాడాలి అని 2016 ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఆ 1500లో అయిదో వంతు పులుసు ఆవిరవడానికి ఖర్చు. ఆ నల్ల సంచిలో మనం కలిపిన అర నిమిషం కొండవీడు పొయ్యి దాకా వెళ్ళి అక్కడ కూడా నష్టం చేస్తోంది. పొడి అట్టను మండించడమూ నాకు మనస్కరించదు, దానికి ఇంకా జన్మలున్నాయి కనుక.

చట్టం గురించి ఎక్కువ చెప్పను. 1996లో అల్మిత్రా పటేల్ గారు పట్టణాల చెత్త మీద సుప్రీంకోర్టుకు వెళ్ళడం వల్ల 2000లో తొలి నిబంధనలొచ్చాయి, 2016లో ఇంకా గట్టివి. రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త పుట్టించే హోటళ్ళు, మార్కెట్లు తామే వేరుచేయాలని అవి చెప్పాయి. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ (క్లాప్) పథకం మొదలై ఇళ్ళకు మూడు రంగుల బుట్టలొచ్చాయి, దాంతోపాటు రుసుమూ వచ్చింది. 2024లో ఆ రుసుము రద్దు ప్రకటించారు. ఆ మూడేళ్ళూ మన ఊళ్ళలో చర్చంతా రుసుము మీదే నడిచింది. బుట్టలో ఏం వేస్తున్నాం అన్న దాని మీద నడిచి ఉంటే బాగుండేది. వేరుచేయడం మన ఊళ్ళలో నడవదని ఎవరూ అనొద్దు. అప్పటి నల్గొండ జిల్లా సూర్యాపేటలో ఖాదర్ సాహెబ్ గారు కమిషనరుగా ఉండగా తడి, పొడి వేరుగా తీసుకుని, వీధి చెత్తకుండీలే లేని పట్టణం చేసి చూపించారు. అది పెద్ద నగరమేం కాదు, తెనాలి వంటిదే.

ఇక శిల్పం. తెనాలిలో సూర్య శిల్పశాల మీకందరికీ తెలుసు. కాటూరి వెంకటేశ్వరరావు గారూ, వారి అబ్బాయి రవిచంద్ర గారూ పాత ఇనుముతో బొమ్మలు చేస్తారు. 2021లో ప్రధాని మోదీ 14 అడుగుల విగ్రహం బైకు చైన్లు, గేరు చక్రాలు, నట్లు, బోల్టులతో చేశారు. అంతకన్నా నా మనసుకు దగ్గరైనది ధ్యానముద్రలో ఉన్న 10 అడుగుల గాంధీ. అందులో 75,000 నట్లు అతికారు. ఒక్కసారి ఆలోచించండి. పాత ఇనుము కుప్పలో చెయ్యి పెట్టి 75,000 సార్లు ఏరాలి. చెంపకు చిన్న నట్టు, మోకాలికి పెద్దది, కనుబొమ వంపుకు అరిగిపోయినది. ఆ కుప్ప కాటా మీద పెడితే కిలోల లెక్క, అంతే. శిల్పి చూపు పడ్డాక ఒక్కొక్క నట్టుకూ ఒక్కొక్క చోటుంది. షెడ్డులో గోనెపట్టా మీద కూర్చున్నావిడ చేసే పనికీ దీనికీ వేళ్ళ నేర్పులో తేడా నాకు కనపడలేదు. ఒకరికి మనం శాలువా కప్పుతాం, కప్పాలి కూడా. ఆవిడ వంటివాళ్ళు మన వెనక తలుపు దగ్గరికి తెల్లారుజామున వస్తారు, మనం నిద్ర లేవక ముందే వెళ్ళిపోతారు.

ఈ ధర్మనిధి మీద వచ్చిన వడ్డీలో ఉపన్యాసకుడికి కొంత ఇవ్వడం ఆనవాయితీ. నేను నిర్వాహకుల్ని ఒకటి కోరాను, వాళ్ళు ఒప్పుకున్నారు. ఆ డబ్బుకు నేను కొంత కలిపి, రేపల్లె రోడ్డు షెడ్డులో వేరుచేసేందుకు ఒక ఇనప బల్ల చేయిస్తున్నాం. పైన దీపం, రెండు వైపులా గోతాలు తగిలించే కొక్కేలు, గాజుకు విడిగా ఒక రేకు డబ్బా. అక్కడ నలుగురు ఆడవాళ్ళు రోజంతా నేల మీద గొంతుకూర్చుని పని చేస్తున్నారు, నడుములు పట్టేస్తున్నాయి. బల్ల మూడడుగుల ఎత్తు ఉండాలని వెల్డింగాయనా నేనూ అనుకుని కొలత రాయించాం. పోయిన మంగళవారం ఆ సీసాలు ఏరే ఆవిడను వెల్డింగు షాపుకు తీసుకెళ్ళి ఇనప కమ్మీలు నిలబెట్టి చూపించాను. ఆవిడ ముందు నిలబడి, చేతులు ఆడించి చూసి, "మూడు ఎత్తయిద్ది సారూ, భుజాలు లాగేసిద్ది. రెండున్నర పెట్టించండి" అంది. వెల్డింగాయన సుద్దతో గీసిన గీత చెరిపి, ఆరంగుళాలు కిందికి దింపి మళ్ళీ గీశాడు.